ఊపిరి రంధ్రం దగ్గర: ఇనూయిట్‌ల సీల్ వేట గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడో తరగతి చదివే మీ అమ్మాయి 'ఎస్కిమోల జీవితం' మీద చార్టు వేసి స్కూల్లో మాట్లాడాలి. ఇంటర్నెట్లో వెతికితే మంచు మీద తెల్లటి సీల్ పిల్లల్ని దుడ్డుకర్రలతో కొడుతున్న వీడియో వచ్చింది, చూసి ఏడ్చింది. మీరు అడిగినవి మూడు. అంత మందం మంచు కింద ఉన్న జంతువుని వాళ్లు ఎలా పట్టుకుంటారు? వీడియోలో ఉన్నది వాళ్లేనా? ఈ రోజుల్లో కూడా ఇది అవసరమా?

నేను కెనడాలోని నూనవుట్‌లో, బాఫిన్ దీవి మీద ఒక చిన్న ఊళ్లో తొమ్మిదేళ్లు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పాను. నాకు వేట రాదు. పక్కింటి పెద్దాయన వెంట స్లెడ్జి మీద వెళ్లి చూసినవి, వాళ్లింట్లో నేల మీద కూర్చుని తింటూ విన్నవి, ఆ తర్వాత ఆసక్తి కొద్దీ చదివినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు వీడియో సంగతి, ఎందుకంటే పాప ఏడ్చింది దాని వల్ల. అలాంటి వీడియోలు దాదాపు అన్నీ కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్, సెయింట్ లారెన్స్ అఖాతం వైపు తీసినవి. బాఫిన్ దీవికి అది ఎంతో దక్షిణాన ఉంటుంది. అక్కడ వేట వ్యాపారం కోసం, పెద్ద ఎత్తున జరిగేది. వేటాడేది హార్ప్ సీల్ అనే వేరే జాతిని. తెల్ల బొచ్చు ఊడని పిల్లల్ని వ్యాపారం కోసం చంపడాన్ని కెనడా 1987లోనే నిషేధించింది. పాత ఫుటేజీ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇనూయిట్‌లు, అంటే మీరు ఎస్కిమోలు అన్నవాళ్లు, ప్రధానంగా వేటాడేది ఒంటి మీద ఉంగరాల్లాంటి మచ్చలుండే చిన్న సీల్‌ని. ఇంగ్లీషులో రింగ్డ్ సీల్, వాళ్ల భాషలో 'నట్సిక్'. వాళ్లు పిల్లల్ని ఎప్పుడూ ముట్టలేదని మాత్రం నేను చెప్పను. పాత రోజుల్లో వసంతంలో మంచు గుహల్లో ఉండే పిల్ల సీల్స్‌ని కూడా తిండికీ మెత్తటి చర్మానికీ వేటాడేవారు. పాప అడిగితే దాచకుండా చెప్పండి. కానీ ఆ వీడియోలో ఉన్న మనుషులు వేరు, పని వేరు.

ఇంకొక మాట. మన పుస్తకాల్లో 'ఎస్కిమో' అనే ఉంటుంది, మేమూ అదే చదువుకున్నాం. కెనడాలో ఆ మాట వాళ్లకి బాధ కలిగిస్తుంది. 'ఇనూయిట్' అంటే వాళ్ల భాషలో 'మనుషులు' అని అర్థం. ఒక్కరైతే 'ఇనుక్'. చార్టు మీద ఆ పేరే రాయమనండి.

ఇప్పుడు అసలు వేట.

సీల్ చేప కాదు. పిల్లలకి పాలిచ్చే జంతువు, మనలాగే గాలి పీల్చాలి. శీతాకాలం మొదట్లో సముద్రం మీద పలచగా మంచు కట్టేటప్పుడు ఆ లేత మంచుని తలతో పగలగొట్టి ఊపిరి తీసుకుంటుంది. మంచు మందమయ్యే కొద్దీ ముందు తెడ్డుకాళ్ల గోళ్లతో గీకుతూ ఆ రంధ్రం మూసుకుపోకుండా కాపాడుకుంటుంది. చలికాలం చివరికి మంచు రెండు మీటర్ల దాకా పెరగొచ్చు, రంధ్రం మాత్రం అలాగే ఉంటుంది. కింద సీల్ ఒళ్లు పట్టేంత వెడల్పు, పైన ముక్కు పెట్టేంత సన్నం. దాన్ని 'అగ్లు' అంటారు. పైన మంచు పొడి కప్పేసి ఉంటుంది కాబట్టి మీరూ నేనూ దాని మీదుగా నడిచి వెళ్లిపోతాం, తెలియదు.

కుక్కకి తెలుస్తుంది. సీల్ వాసన మంచు పొడిలోంచి పైకి వస్తుంది. కుక్క ఆగి గీకిన చోట వేటగాడు సన్నటి కడ్డీ గుచ్చి చూస్తాడు, గట్టి మంచు తగలకుండా ఎక్కడ లోపలికి దిగిపోతే అక్కడ అగ్లు. తర్వాత పైన మంచు కొంచెం తీసి, వంపు తిరిగిన కొమ్ము పుల్లని లోపల తిప్పి రంధ్రం ఏ వైపుకి వంగి ఉందో చూసుకుంటాడు. ఈ పని చాలా ముఖ్యం, ఎందుకంటే సీల్ వచ్చినప్పుడు వేటగాడికి అది కనపడదు. మంచు పొడిని మళ్లీ కప్పేసి, చిన్న కన్నం వదిలి, అందులోంచి సన్నటి ఎముక పుల్ల నీళ్ల దాకా దించుతాడు. కొన్ని చోట్ల పుల్లకి బదులు పక్షి నూగు ఈకని కన్నం అంచున పెట్టేవారు. సీల్ కింద నుంచి వస్తే నీళ్లు పైకి లేస్తాయి, పుల్ల కదులుతుంది. ఊపిరి వదిలితే ఈక వణుకుతుంది. చూడటానికి అంతే ఉంటుంది.

ఇక నిలబడాలి. కాళ్ల కింద బొచ్చు తోలు ముక్క వేసుకుంటాడు, చలికే కాదు, మంచు కిరకిరమనకుండా. గాలి సీల్‌కి తన వాసన మోసుకుపోని వైపు చూసుకుంటాడు. హార్పూన్‌ని (తాడు కట్టిన ఈటె లాంటిది) ముందు రెండు చిన్న పుల్లల మీద ఆనించి పెట్టుకుని, నడుము వంచి, కన్నం వైపే చూస్తూ ఉండిపోతాడు. చెరువులో కొంగ ఎలా నిలబడుతుందో చూశారుగా, అలా. గంట కావచ్చు, నాలుగు గంటలు కావచ్చు. రోజంతా నిలబడి ఖాళీ చేతులతో వచ్చిన రోజులు ఎన్నో.

ఎందుకంత సేపు? ఒక సీల్‌కి ఒకటే అగ్లు ఉండదు. చుట్టుపక్కల నాలుగైదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెట్టుకుంటుంది. ఇప్పుడు దేని దగ్గరికి వస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కడు వేటకి వెళ్తే లాభం తక్కువ. పదిమంది పది రంధ్రాల దగ్గర నిలబడితే ఎవరో ఒకరికి దొరుకుతుంది. నెట్సిలిక్ అనే తెగ (ఆ పేరుకే 'సీల్ ఉన్న చోటి వాళ్లు' అని అర్థం) వేసవిలో చిన్న చిన్న గుంపులుగా తిరిగేది, చలికాలంలో మాత్రం చాలా కుటుంబాలు కలిసి సముద్రం మంచు మీదే ఇగ్లూలు కట్టుకుని ఒక ఊరులా ఉండేవి. పాత తరం వాళ్లు సీల్ వేటకి అంతమంది కలిసి ఉండటానికి కారణం ఈ రంధ్రాల లెక్కే. లెక్కల టీచర్ని కాబట్టి ఇది విన్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఊరు ఎంత పెద్దదవ్వాలో సీల్ నిర్ణయించింది.

పుల్ల కదిలిందనుకోండి. వేటగాడు హార్పూన్‌ని నిలువుగా కిందికి దింపుతాడు. విసరడు, దింపుతాడు. ఈ హార్పూన్ తల ఉంది చూశారూ, నా దృష్టిలో మనిషి చేసిన గొప్ప పనిముట్లలో అదొకటి. అది కర్రకి గట్టిగా బిగించి ఉండదు. చర్మంలోకి దిగగానే కర్ర నుంచి విడిపోయి, తాడు లాగేసరికి లోపల అడ్డంగా తిరుగుతుంది. చొక్కా గుండీ కాజాలోంచి దూరాక అడ్డం తిరిగి ఎలా నిలుస్తుందో అలాగే. ఇక ఊడదు. సుమారు వెయ్యేళ్ల కింద అలాస్కా వైపు నుంచి తూర్పుకి వచ్చిన ఇనూయిట్‌ల పూర్వీకులు ఇదే రకం హార్పూన్‌తో వచ్చారు. దంతంతోనో కొమ్ముతోనో చేసి, కొనకి పలక రాయి గానీ ఇనుము గానీ పెట్టేవారు. గ్రీన్‌లాండ్ వాయవ్యాన కేప్ యార్క్ దగ్గర పడిన ఉల్క నుంచి కొట్టి తీసిన ఇనుము కూడా వాడారు. పాపకి ఇది చెప్పండి, క్లాసులో అందరికీ నచ్చుతుంది.

తాడు 'ఉగ్జుక్' అనే పెద్ద గడ్డపు సీల్ చర్మంతో చేస్తారు. చర్మాన్ని గుండ్రంగా చుట్టూ కోసుకుంటూ పోతే ఎక్కడా ముడి లేని పొడవైన తాడు వస్తుంది. దాన్ని చేతికి చుట్టుకుని వేటగాడు లాగి పట్టుకుంటాడు, ఇంకో చేత్తో మంచు కొట్టి రంధ్రం పెద్దది చేస్తాడు, పైకి లాగుతాడు. వెంటనే చంపేస్తాడు. గాయానికి దంతపు పుల్ల గుచ్చి మూసేవారు, రక్తం వృథా కాకుండా. రక్తం కూడా తిండే.

నేను వెళ్లిన రోజు ఫిబ్రవరి చివర, మైనస్ 30 దాటిన చలి. పక్కింటి పెద్దాయన దగ్గర తుపాకీ ఉంది, ఈ రోజుల్లో దాదాపు అందరూ తుపాకీనే వాడతారు, కానీ అగ్లు దగ్గర ఆయన హార్పూన్ పట్టుకున్నాడు. నన్ను ఇంకో రంధ్రం దగ్గర నిలబెట్టాడు. గంటంపావు గడిచాక నా ఎడమ కాలు తిమ్మిరెక్కి, తెలియకుండానే అర అంగుళం జరిపాను. కిర్రుమంది. ఆ నిశ్శబ్దంలో అది పలక మీద మేకు గీసినట్టు వినపడింది. ఆయన నా వైపు తిరగలేదు, ఏమీ అనలేదు. ఆ రోజు మాకు ఏమీ దొరకలేదు. ఇంటికొచ్చాక నేను సారీ చెబితే, సీల్ రావాలనుకుంటే వస్తుంది అన్నాడు.

ఆ మాట మర్యాద కోసం అన్నది కాదు, వాళ్ల నమ్మకమే అది. సముద్రం అడుగున ఒక స్త్రీ ఉంటుంది. కొన్ని చోట్ల సెడ్నా అంటారు, కొన్ని చోట్ల నూలియాజుక్. తండ్రి పడవలోంచి తోసేసి, అంచు పట్టుకున్న ఆమె వేళ్లు నరికేస్తే ఆ వేళ్లే సీల్స్ అయ్యాయి. మనుషులు నియమం తప్పితే ఆమె జంతువుల్ని దాచేస్తుంది. అప్పుడు ఊరి మాంత్రికుడు, వాళ్ల మాటలో 'అంగాకుక్', తన ఆత్మతో కిందికి వెళ్లి ఆమె చిక్కుపడ్డ జుట్టు దువ్వి బతిమాలేవాడు. వేళ్లు లేవు కదా, తనకి తాను దువ్వుకోలేదు. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు కాసేపు నాకు మాట రాలేదు.

చంపిన సీల్ నోట్లో మంచి నీళ్లు పోసే ఆచారం కూడా ఇందులోదే. నోట్లో మంచు కరిగించుకుని ఆ నీళ్లు దాని నోట్లోకి వదిలేవారు. బతికినంత కాలం ఉప్పు నీళ్లలో ఉంది కదా, దాహంతో ఉంటుంది, ఈ వేటగాడు తనకి నీళ్లిచ్చాడని మిగతా సీల్స్‌కి చెబుతుందని. ఇప్పుడు ఊళ్లో అందరూ క్రైస్తవులే, చర్చికి వెళ్తారు. అయినా పెద్దాయన ఒకసారి కాస్త మంచు తీసి సీల్ నోట్లో పెట్టడం నేను కళ్లారా చూశాను. అడగలేదు, ఆయన చెప్పలేదు.

దొరికిన సీల్ ఎవరిది? మన లెక్కలో కొట్టినవాడిది. వాళ్ల లెక్క అది కాదు. నెట్సిలిక్‌లలో సీల్‌ని డజనుకు పైగా భాగాలు చేసేవారు. మగపిల్లాడికి చిన్నప్పుడే తల్లి ఒక్కో భాగానికి ఒక్కో భాగస్వామిని కుదిర్చేది. తెడ్డుకాలు భాగస్వామి ఉంటాడు, నీకు సీల్ దొరికినప్పుడల్లా తెడ్డుకాలు అతనిది, అతనికి దొరికినప్పుడు తెడ్డుకాలు నీది, జీవితాంతం. ఒకరినొకరు పేరుతో కాకుండా ఆ భాగం పేరుతోనే పిలుచుకునేవారు. గంటల తరబడి నిలబడినా దొరకని రోజులు ఎక్కువ కదా, ఈ ఏర్పాటు ఉంటే ఎవరి ఇగ్లూలోనూ పొయ్యి ఆరదు. నేనున్న ఊళ్లో ఈ భాగస్వాముల పద్ధతి లేదు కానీ పంచుకోవడం ఉంది. మాంసం ఉంది, గిన్నె తెచ్చుకోండి అని లోకల్ రేడియోలో చెప్పేవారు. నా క్లాసు కుర్రాడు ఒకడు మొదటి సీల్ కొట్టిన రోజు మొత్తం ఊళ్లో పెద్దవాళ్లకి పంచేశారు. వాడు ఒక్క ముక్క తినలేదు, మొదటి వేట అలా ఇచ్చేయాలి. మర్నాడు క్లాసులో వాడి ముఖం చూడాల్సింది.

సీల్‌ని తిండి అనుకుంటే సగమే అర్థమైనట్టు. సముద్రం మంచు మీద కట్టె ఉండదు, చెట్లు లేవు. దాని కొవ్వు దంచి, మెత్తటి రాతితో చెక్కిన 'కుల్లిక్' అనే ప్రమిదలో పోసి, నాచూ పత్తిగడ్డీ కలిపి వత్తి పెట్టి వెలిగించేవారు. వెలుగు అదే, వేడి అదే, బట్టలు ఆరేది దాని మీదే. మంచు కరిగి తాగే నీళ్లయ్యేది కూడా దాని మీదే. సీల్ దొరకకపోతే ఆకలి కంటే ముందు చీకటీ దాహమూ వచ్చేవి. ఆ మంట చూసుకునే బాధ్యత ఇంటి ఆడవాళ్లది. చర్మం గీకి, ఆరబెట్టి, నీళ్లు చొరబడని బూట్లు కుట్టేదీ వాళ్లే. సూది తోలు మందంలో సగం దాకే దిగాలి, ఆవలి వైపుకి రాకూడదు, అప్పుడే నీళ్లు ఊరవు. పెద్దాయన భార్య కుట్టిన బూట్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

పోషణ గురించి కూడా మీకు సందేహం వచ్చే ఉంటుంది, కూరగాయలు లేకుండా ఎలా అని. పచ్చి మాంసంలో, కాలేయంలో విటమిన్ సి ఉంటుంది, ఉడికిస్తే చాలావరకు పోతుంది. అందుకే వేడి ఆరకముందే మంచు మీదే కాలేయం ముక్కలు కోసుకుని కొవ్వుతో తింటారు. (ఉగ్జుక్ కాలేయం మాత్రం ముట్టరు, విటమిన్ ఎ ఎక్కువై విషమవుతుంది, ధ్రువపు ఎలుగుది కూడా అంతే.) 1845లో ఫ్రాంక్లిన్ అనే ఇంగ్లీషు నౌకాధికారి నాయకత్వంలో ఆర్కిటిక్‌లోకి వెళ్లిన రెండు ఓడల్లో 129 మంది చనిపోయారు, ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్లలో ఎక్కువమంది ప్రాణాలు విడిచిన కింగ్ విలియం దీవి చుట్టుపక్కలే నెట్సిలిక్ కుటుంబాలు పిల్లాపాపలతో బతికాయి. తర్వాత నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ 1903 నుంచి 1905 దాకా ఆ దీవి మీదే ఆగి, వాళ్ల దగ్గర బట్టలూ కుక్కలబండీ నేర్చుకున్నాడు. ఆయన ఆగిన చోట ఇప్పుడున్న ఊరిని వాళ్ల భాషలో ఉక్సుక్తూక్ అంటారు, అంటే 'కొవ్వు సమృద్ధిగా ఉన్న చోటు'.

వసంతంలో వేట వేరుగా ఉంటుంది. ఎండ కాయగానే సీల్స్ మంచు మీదకి ఎక్కి పడుకుంటాయి. కాసేపు కునుకు, తల ఎత్తి చూపు, మళ్లీ కునుకు. పాతకాలం వేటగాడు పొట్ట మీద పాకుతూ, సీల్ తల ఎత్తినప్పుడు తానూ సీల్‌లా తల ఎత్తి, చేత్తో గీక్కుంటూ దగ్గరికి చేరేవాడు. ఇప్పుడు తెల్ల గుడ్డ తెర అడ్డం పెట్టుకుని తుపాకీతో వెళ్తారు. ఆ కాలంలో సీల్ బక్కచిక్కి ఉంటుంది, మంచు కరిగి నీళ్లలో ఉప్పు తగ్గుతుంది, నీళ్లలో కాల్చిన సీల్ మునిగిపోతుంది. అందుకే తుపాకీ వచ్చినా హార్పూన్ మూలకి పోలేదు.

ఇక, ఇప్పటికీ అవసరమా అని అడిగారు.

ఆ ఊళ్లకి రోడ్లు లేవు. సరుకు వేసవిలో ఓడ మీద, మిగతా కాలమంతా విమానంలో వస్తుంది. కూరగాయల ధర చూసి నేను చేతిలోది తిరిగి పెట్టేసిన రోజులున్నాయి, నాకు టీచర్ జీతం ఉండి కూడా. 2007-08లో జరిగిన ఇనూయిట్ ఆరోగ్య సర్వేలో నూనవుట్‌లో పది ఇళ్లలో దాదాపు ఏడింటికి తిండికి భరోసా లేదని తేలింది. అలాంటి చోట మంచు కింద నుంచి వచ్చే, ఐరన్ నిండిన తాజా మాంసం వద్దని, విమానంలో వచ్చే డబ్బా మాంసం కొనుక్కోమని చెప్పే హక్కు నాకు లేదనుకుంటాను. నట్సిక్ సంఖ్య లక్షల్లో ఉంది, అంతర్జాతీయంగా అంతరించే జాబితాలో లేదు. దానికి అసలు ప్రమాదం మంచు తగ్గిపోవడం. తల్లి సీల్ మంచు పొడిలో గుహ చేసుకుని పిల్లని కంటుంది, మంచు తక్కువై వానపడితే ఆ గుహ కూలిపోతుంది.

నాకు బాధ కలిగించే భాగం ఇక్కడుంది. తెల్ల పిల్ల సీల్స్ ఫోటోలు చూసి జనం కదిలి, 1983లో యూరప్ ఆ పిల్లల చర్మాల దిగుమతిని నిషేధించింది. ఇనూయిట్‌లు అమ్మేది పెద్ద నట్సిక్ చర్మాలు, నిషేధంలో అవి లేవు. కానీ కొనేవాడికి ఆ తేడా ఎవరు చెబుతారు? సీల్ చర్మం అంటేనే ధర పడిపోయింది. తిన్న సీల్ చర్మం అమ్మి పెట్రోలూ తూటాలూ కొనుక్కుని మళ్లీ వేటకి వెళ్లే కుటుంబాలు అవి. అంతకుముందే ప్రభుత్వం వాళ్లని ఊళ్లలో స్థిరపరిచింది, వేట కుక్కలు చాలా వరకు పోయాయి, పోలీసుల చేతుల్లో చచ్చినవి కూడా ఎన్నో, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) లేకుండా మంచు మీదకి వెళ్లలేని స్థితి వచ్చింది. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ ఉత్పత్తులన్నిటినీ నిషేధిస్తూ ఇనూయిట్‌లకి మినహాయింపు ఇచ్చింది, కానీ చచ్చిన మార్కెట్ కాగితం మీద మినహాయింపుతో లేవలేదు. 2014లో గ్రీన్‌పీస్ కెనడా అనే పర్యావరణ సంస్థ సీల్ వేటకి వ్యతిరేకంగా తాము చేసిన పాత ప్రచారం వల్ల ఇనూయిట్‌లకి జరిగిన నష్టానికి క్షమాపణ చెప్పింది. పెద్దాయన భార్య దగ్గర ఈ విషయం ఎత్తితే ఆమె కుట్టు ఆపకుండా విన్నది, వాళ్లు మా ఇంటికి వచ్చి తిని ఉంటే బాగుండేది అంది.

పాప ఏడ్చిందని కంగారు పడకండి. జంతువు చనిపోతే ఏడుపు రావడం మంచిదే, దాన్ని ఆపొద్దు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకూ కళ్లు తడిశాయి, పెద్దాయన చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

చార్టు గురించి రెండు మాటలు. ఇగ్లూ పక్కన పెంగ్విన్ వేస్తే తీసేయమనండి. పెంగ్విన్‌లు దక్షిణం వైపువి, ఆర్కిటిక్‌లో ఒక్కటి కూడా లేదు. ఆ ఖాళీలో ఒక కుక్కని వేయమనండి, ముక్కు మంచుకి ఆనించి వాసన చూస్తున్నట్టు. దాని వెనక నడుము వంచి నిలబడ్డ మనిషి. కింద మంచుని అడ్డంగా కోసినట్టు చూపించి, పైన సన్నంగా కింద వెడల్పుగా అగ్లు గీసి, అందులోకి వస్తున్న సీల్‌ని వేయాలి. ఎముక పుల్లని మాత్రం మరిచిపోవద్దు, దాని కింది కొన నీళ్లకి తగులుతూ ఉండాలి. గీశాక ఫోటో పెడితే చూసి, తప్పులేమైనా ఉంటే చెబుతాను.